కడిగితే పోయే రంగు

మా పెదనాన్న బోర్డులు రాసేవాడు. చేయి తిరిగిన మనిషి. సుద్దగీత కూడా గీసుకోకుండా నిచ్చెనెక్కి, ఆయిల్ పెయింటుతో గోడమీద ఏకబిగిన రాసి దిగేవాడు. "ఒక్క ఒత్తు తప్పినా మళ్లీ కుంచె ముట్టను" అని గొప్పలు కూడా పోయేవాడు.

జనం జాగ్రత్తపడుతున్నారని మా వీధిలో ముందు తెలిసింది ఆయనకే. బట్టలకొట్టాయన గోడమీద వద్దు, రేకుమీద రాయమన్నాడు. కొట్టు ఎత్తేస్తే పట్టుకుపోవచ్చునట. ఎలక్షన్లలో పార్టీలవాళ్లు జిగురు కలపని, కడిగితే పోయే నీళ్లరంగు అడిగారు. తమ నాయకుడు రేపు ఏ పార్టీలో తేలతాడో వాళ్లకే తెలీదు మరి. పెదనాన్న నవ్వుకుని ఆయిల్ పెయింటే వాడాడు. కానీ ఓడిపోయినవాడి పేరు ఆయిల్ పెయింటుతో రాశాడని గెలిచినవాళ్లు వచ్చి నిచ్చెన విరగ్గొట్టాక ఆ నవ్వు పోయింది. ఇక అన్నిటికీ నీళ్లరంగే. ఇంట్లోనూ అంతే, చెప్పులు కొనాలన్నా నెల్లాళ్లు "చూద్దాం" అనేవాడు. వినీ వినీ మాకు ప్రాణం విసిగిపోయింది.

ఆయనకు ఒక్కతే కూతురు, మా అక్క. తొమ్మిదేళ్లు ఎవరి దగ్గరో పనిచేసి, సొంతంగా కళ్లజోళ్ల షాపు పెడతానంది. రెండేళ్లు "చూద్దాం" అన్నాడు. చివరికి అక్క చూడటం మానేసి షాపు పెట్టేసింది. తండ్రిని ఒక్కటే అడిగింది.

"బోర్డు నువ్వే రాయాలి నాన్నా. గోడమీద, నా పేరుతో."

రాశాడు. ఎంత అందంగా రాశాడంటే, అక్క వీధిలో నిలబడి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున షాపు తెరుస్తూ, దుమ్ము పడిందని తడిగుడ్డతో పేరు తుడిచింది. మొదటి అక్షరం గుడ్డకు వచ్చేసింది.

పెదనాన్న, నేను గుమ్మంలోనే ఉన్నాం. "అలవాటులో నీళ్లరంగే కలిపేశానమ్మా" అన్నాడాయన.

"నాలుగు నెలల్లో మూసేస్తాననుకున్నావా?"

"లేదమ్మా" అంటూ మెట్టుమీద కూలబడ్డాడు. అబద్ధమాడాడని నేననుకోను. కానీ అక్క ముఖం చూడలేకపోయాను.

అక్క మిగిలిన అక్షరాలు కూడా తుడిచేసింది. ఆయన సంచిలోంచి ఆయిల్ పెయింటు డబ్బా తీసి ముందు పెట్టింది. ఆయన స్క్రూడ్రైవరుతో మూత లేపాడు. లోపల రంగు ఎన్నేళ్ల క్రితమో ఎండి రాయిలా బిగుసుకుపోయింది.

"కొత్తది తెస్తానుండు" అని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"చిన్న డబ్బా చాలు కదమ్మా?"