తువ్వాలు కప్పిన ఫోను

ఇంట్లో అందరూ అతన్ని 'జల్లెడ' అంటారు. లోకం ఫోన్లలో దాచుకునే ఫోటోల్లో యంత్రం అనుమానించినవాటిని పరీక్షించి, తప్పయితే ఎర్ర మీట, కాకుంటే పచ్చ మీట నొక్కడం అతని ఉద్యోగ ధర్మం. ఆ ధర్మసూక్ష్మం ఎరిగినవాడు కనుక ఇంటికి రాగానే తన ఫోనును బోర్లించి, పైన తువ్వాలు కప్పి, ఆ తర్వాతే భార్యతో మాట్లాడతాడు. "శవానికి కప్పినట్టు ఏమిటండీ అది?" అంటుందామె. "శవమైతే వినదుగా," అంటాడు.

మొన్న అతని తెర మీదికి ఒక పసిబిడ్డ వచ్చింది. బట్టల్లేని ఒంటి నిండా దద్దుర్లు. డాక్టరుకు చూపడానికి తీసిన ఫోటో అని ఎవరికైనా తెలుస్తుంది, యంత్రానికి తప్ప. కింద పరిచిన ఏనుగుల దుప్పటి అతని భార్య కుట్టినదే; బిడ్డ సాక్షాత్తూ మేనకోడలు. తెలిసినవాళ్లదైతే చెయ్యెత్తి, నోరు మెదపకుండా కుర్చీ వదిలి, మీట మరొకరికి విడవాలని నియమం, నెత్తిమీద కెమెరా. అతను చెయ్యెత్తి లేచాడు. భోజనానికి లేచిన పక్క సీటాయన వంగి చూసి, "యంత్రమే తప్పన్నాక మనకెందుకండీ గొడవ," అంటూ ఎర్ర మీట నొక్కి పోయాడు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నా ఖాతా మూసేశారు. పాప పుట్టినప్పటి నుంచీ తీసిన ఫోటోలన్నీ పోయాయి. నువ్వు అక్కడే కదా, నేనేం తప్పు చేశానో కాస్త కనుక్కోవూ?"

ఆఫీసులో చూసింది బయట చెబితే ఉద్యోగం ఉండదు. "నాకేం తెలుసమ్మా," అన్నాడతను. ఫోను ఎప్పటిలాగే బోర్లించాడు గానీ, తువ్వాలు మాత్రం ఆ పూట తన మొహం మీద కప్పుకున్నాడు.