నీళ్ళ వెంట నడిచిన అక్క

పిల్లలతో ఒక పూటలో ఎక్కి దిగి రాగల కొండల గురించి ఆదివారం పేపరు అనుబంధంలో రెండు పేజీల నిండా వేశారు. బందరులో మా ఇంటికి దగ్గరున్న గ్రంథాలయంలో, నాకు అలవాటైన కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని చదివాను. టోపీలు పెట్టుకోవాలట, బూట్లు వేసుకోవాలట, మంచినీళ్ళ సీసాలు మరిచిపోకూడదట. అన్నీ మంచి మాటలే. పిల్ల తప్పిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. అనుమానం తీరక మళ్ళీ మొదటినుంచీ చదివాను. లేదు.

ఇంటికి వచ్చేసరికి అవే బొమ్మలు ఫోనులో పెట్టుకుని మనవరాలు గుమ్మంలోనే ఎదురైంది. వచ్చే ఆదివారం దాని స్నేహితుల కుటుంబాలూ, మావాళ్ళూ కలిసి వెళ్తున్నారట. "సులువైన కొండేనమ్మా, అంగన్‌వాడీ పిల్లలు కూడా ఎక్కేస్తున్నారు" అన్నాడు మా అబ్బాయి. సులువైన కొండ అనే మాట నా చిన్నప్పుడు మా మావయ్య నోట విన్నాను.

మా నాన్న మొవ్వ దగ్గర పంటకాలువ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా కాపలా కాయడం ఆయన పని. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వైపు రాయి అనేదే కనిపించేది కాదు. ఎటు చూసినా చేలు, గట్లు, మళ్ళీ చేలు. ఎవరైనా వస్తుంటే పక్క ఊరి పొలిమేరలో ఉండగానే, నడకను బట్టి ఫలానా మనిషని చెప్పేసేవాళ్ళం. అలాంటి నేల మీద పుట్టిన పిల్లలకు నాన్న నేర్పిన భద్రత ఒక్కటే. "దారి తప్పితే ఏడుస్తా నిలబడకండి. కాలవ గట్టెక్కి, గడ్డిపరక వేసి చూడండి. అది ఎటు పోతే అటే నడవండి. నీళ్ళు మనుషుల్లేని చోటికి పోవు."

ఆ మాట ఉత్తదేం కాదు. ఒకసారి పొరుగూరి తిరునాళ్ళలో, జనం తోపులాటలో నాన్న చెయ్యి జారిపోయి నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, మా అక్క నన్ను ఈడ్చుకుంటూ గట్టెక్కించి, గడ్డిపరక వేసి, అది కదిలిన వైపు నడిపించి, చీకటి పడేలోగా మా ఇంటి దగ్గరి లాకులకు చేర్చింది. నాన్న లాంతరు వెలిగించి అక్కడే నిలబడి ఉన్నాడు. అక్కను ఎత్తుకుని "నా లస్కరమ్మే నువ్వు!" అన్నాడు. ఆ పేరు దానికి చాలా నచ్చింది. తరవాత చాలాకాలం ఏ పిల్ల ఎటు కదలాలన్నా అక్కే దారి చెప్పేది.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బెజవాడ అవతల రైల్వేలో పనిచేసేవాడు. ఇంటి వెనకే కొండ. వానాకాలం చివర సెలవులకు మమ్మల్ని పిలిచాడు. గుడివాడలో రైలెక్కి నాన్న, అక్క, నేను వెళ్ళాం. అమ్మకు ఒంట్లో బాగుండక రాలేదు. "సులువైన కొండ బావా, పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చేస్తాం" అన్నాడు మావయ్య. పులిహోర మూట కట్టుకుని బయలుదేరాం. నాన్న కాలువ గట్టు మీద నడిచినట్టే నిటారుగా నడవబోయి రెండుసార్లు జారాడు.

"వంగు బావా, వంగు. ఇది నీ గట్టు కాదు, ఇక్కడ ఎవరైనా సరే తల వంచాల్సిందే" అని మావయ్య ఆటపట్టించాడు.

"నీ చెల్లెలికి వంచీ వంచీ నా మెడ పట్టేసిందయ్యా" అన్నాడు నాన్న.

"చెల్లెలు కాదు, మా అక్క. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వరస కూడా రాలేదా నీకు?"

మేము పడీపడీ నవ్వాం. నాన్న అంత తేలిగ్గా ఉన్న రోజు నాకు అదొక్కటే గుర్తు. అక్క దారి పొడుగునా రాళ్ళు ఏరింది. ఎర్రవి, తెల్లవి, మెరిసేవి. ఊళ్ళో స్నేహితురాళ్ళకు తలొకటి ఇవ్వాలట. మాకు అవి వింత వస్తువులు మరి.

దిగేటప్పుడు మావయ్య నన్ను భుజాన వేసుకుని ముందు నడిచాడు. నాన్న వెనక వస్తున్నాడు. అక్క మాతో ఉందని నాన్న, నాన్నతో ఉందని మావయ్య అనుకున్నారు. మా నేల మీద ఎవరూ పిల్లల్ని లెక్క చూసుకోరు, తల తిప్పితే అందరూ కనిపిస్తారు గనక. కొండ మీద ఒక్క బండ అడ్డం వస్తే మనిషి లేనట్టే. ఈ సంగతి నాన్నకు తెలియదు. కిందకు దిగాక తెలిసింది.

నన్ను మావయ్య భుజం మీద అలాగే ఉంచుకుని, ఇద్దరూ కేకలు వేస్తూ మళ్ళీ పైకి పరిగెత్తారు. సగం దూరంలో, ముందురోజు వానకు సన్నగా పారుతున్న వాగు పక్కన, తడి మట్టిలో అక్క పాదాలు కనిపించాయి. నాన్న మొహం విప్పారింది. "ఇదిగో, నీళ్ళ వెంట పోయింది! భయం లేదయ్యా, దానికి నేను నేర్పాను" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

మావయ్య నన్ను కిందకు దించాడు. "బావా, ఆ వాగు కిందకి దారి లేదు. అక్కడ కొండ తెగిపోయింది" అన్నాడు.

పొద్దు వాలుతుండగా గొర్రెల కాపరులు ఆ తెగిన బండ అడుగున అక్కను చూసి మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు. దోపుకున్న లంగా మడతలో కొన్ని రాళ్ళు ఇంకా ఉన్నాయి. నాన్న ఏడవలేదు. ఒక్కొక్క రాయీ తీసి, తడి తుడిచి, తువ్వాల్లో మూట కట్టుకున్నాడు.

నాకు అర్థం కానిది ఒక్కటే మిగిలింది. తిరునాళ్ళ రోజున మమ్మల్ని ఇంటికి చేర్చిన నీళ్ళే అక్కను ఎందుకు చంపాయి? బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. పెళ్ళయి బందరు వచ్చాక, చేతి పని అయిపోయిన మధ్యాహ్నాలు గ్రంథాలయానికి వెళ్ళి ఆ ప్రశ్న పట్టుకుని భూగోళం పుస్తకాలు తిరగేశాను. తెలియని మాటలకు నిఘంటువు చూసుకున్నాను. చివరకు దొరికిన జవాబు చిన్నపిల్లకైనా తెలిసేదే. మా కాలువల్ని మనుషులు మనుషుల కోసం తవ్వారు. కొండవాగును వాన తనకోసం తవ్వుకుంది. అది ఎవరి ఇంటికీ పోదు. ఆ జవాబు కనుక్కున్నానని నాకు గర్వంగానే ఉంటుంది. అయితే అప్పటికి నాన్న లేడు.

ఆ కొండ తరవాత నాన్న ఎవరికీ దారి చెప్పలేదు. గట్టు మీద కొత్తవాళ్ళు ఆగి ఫలానా ఊరెటండీ అని అడిగితే, చెయ్యి చూపించేవాడు కాదు. చేతిలో పని వదిలి, వెంట నడిచి, ఆ ఊరి మొదటి ఇల్లు కనిపించేదాకా దిగబెట్టి వచ్చేవాడు. పిచ్చోడు అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఉద్యోగం దిగిపోయేదాకా అలాగే చేశాడు.

మనవరాలిని వెళ్ళొద్దనలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, "తప్పిపోతే కదలకు. ఉన్నచోటే కూర్చుని కేకలెయ్యి. మేమే వస్తాం" అన్నాను. "ఫోనుంది కదా నానమ్మా" అని నవ్వింది. మూడుసార్లు చెప్పించుకుని గాని వదల్లేదు.

మర్నాడు బస్సెక్కి ఒక్కదాన్నే మొవ్వ వైపు వెళ్ళాను. నాన్న కాపలా కాసిన గట్టు మీద ఇళ్ళు లేచాయి, అన్నీ కాలువకు వీపు పెట్టుకుని. నీళ్ళ మీద గుర్రపుడెక్క చాప పరిచినట్టు అల్లుకుపోయింది. ఒకచోట కాస్త ఖాళీ కనిపిస్తే వంగి గడ్డిపరక వేశాను. అది ఎటైనా పోతుందేమోనని చాలాసేపు చూశాను. కదల్లేదు. అక్క ఇవాళ ఈ గట్టు మీద తప్పిపోయి ఉంటే ఇంటికి రాగలిగేది కాదు. అటుగా స్కూటరు మీద పోతున్న కుర్రాడు ఆగి, "ఎటెళ్ళాలండీ మామ్మగారూ?" అని అడిగాడు. బస్టాండుకన్నాను. అతను చెయ్యెత్తి చూపించి వెళ్ళిపోయాడు.