మత్తు దిగేవేళ కొబ్బరిబోండాలు

నా చిన్నప్పుడు, ఇంకా బడికి పలక పట్టుకెళ్ళే వయసులో, మిర్చి బస్తాల మీద నుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. షోడా తాగిస్తానని చెప్పి మా నాన్న జగ్గయ్యపేట నుంచి నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ముక్కు మీద ఏదో పెట్టారు, అంతవరకే గుర్తు. మత్తు దిగేసరికి మంచం చుట్టూ బంధువులంతా మూగి, ఒకరు చెంపలు తడుతూ, ఒకరు లేరా లే అంటూ పిలుస్తున్నారు. వాళ్ళెవరో నాకు తెలియలేదు. గుక్కపెట్టి ఏడుస్తూ, అమ్మని తన్ని, కట్టు కట్టిన చేతిని మంచం కమ్మీకేసి కొట్టుకున్నాను. అతికించిన ఎముక పక్కకు జరిగింది. మళ్ళీ మత్తివ్వాలన్నారు. ఈసారీ ఇలాగే చేస్తే చెయ్యి వంకరగా ఉండిపోతుందని డాక్టరు నాన్నతో అనడం నేను విన్నాను.

మా పక్కింటి అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు. రెండోసారి మత్తివ్వబోయే ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి నన్ను చాప మీద పడుకోబెట్టింది. "షోడా గీడా ఏం లేదు నాన్నా. వాసనొచ్చిద్ది, నిద్రొచ్చిద్ది. లేచాక తల తిరుగుద్ది, అంతా కొత్తగా ఉంటది. భయమేస్తే అమ్మ చెయ్యి వెతుక్కో" అంది. ముక్కు మీద గుడ్డ కప్పి ఉత్తుత్తి నిద్ర ఆడించింది. నేను కళ్ళు తెరిచినప్పుడల్లా, అమ్మ ఏమీ మాట్లాడకుండా నా గుండె మీద చెయ్యి వేసేది.

మర్నాడు ఆసుపత్రి వరండా నిండా మావాళ్ళేనట. తర్వాత అమ్మ చెప్పింది. అక్క బయటికొచ్చి, పిల్లాడికి కొబ్బరినీళ్ళు కావాలని నాన్ననీ ఇద్దరు బాబాయిల్నీ బస్టాండు దాకా తరిమింది. నాయనమ్మని ప్రార్థన చేసి రమ్మని చర్చికి పంపింది.

"బోండాలకి ముగ్గురెందుకమ్మా?" అని నాన్న గొణిగాడట.

"తలా ఒక చోట వెతకండి, లేతవి దొరుకుతాయి" అందట అక్క.

నేను కళ్ళు తెరిచేసరికి గదిలో చప్పుడు లేదు. గోడలు ఊగుతున్నాయి. ఏడుపొచ్చింది. కానీ గుండె మీద ఉన్న చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఏడుస్తూనే మళ్ళీ నిద్రలోకి జారుకున్నాను. ఎముక కదల్లేదు.

ఇంత తెలిసీ, నా కొడుక్కి టాన్సిల్స్ తీయించిన రోజు ఐస్‌క్రీం కొనిపెడతానని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మత్తు దిగుతూ వాడు పెనుగులాడుతుంటే కసిరాను కూడా. వాడు గుర్తులేదంటాడు. నాకుంది.

పోయిన నెల మనవరాలికి ఆపరేషన్ అయింది. పాపకి అన్నీ ముందే చెప్పి తీసుకొచ్చారు. లోపల కోడలు పాప పక్కనే కూర్చుంది. నాకే వరండాలో కాలు నిలవలేదు. మాటిమాటికీ తలుపు తోసి, లేచిందా అని అడుగుతున్నాను. చివరికి నా కొడుకు నా భుజం మీద చెయ్యి వేసి, "నాన్నా, కొబ్బరిబోండాలు తెస్తావా?" అన్నాడు.

అక్క సంగతి వాడికి చెప్పింది నేనే.

ఆసుపత్రి ఎదురుగానే బోండాల బండి ఉంది. అయినా బస్టాండు వైపు నడిచాను. నా ఆత్రాన్ని ఆ గదికి దూరంగా తీసుకుపోవడం నేర్చుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. సంచి పట్టుకుని ఎండలో అటూ ఇటూ తిరుగుతుంటే ఫోన్ మోగింది. నా కొడుకే.

"లేచింది. అమ్మ చెయ్యి పట్టుకుని మళ్ళీ పడుకుంది. మెల్లగా రా."

మెల్లగానే వెళ్ళాను.