పందొమ్మిదో మెట్టు

చిక్కడపల్లిలో గుండ్రటి మెట్లు కట్టాలంటే ఈరన్ననే పిలిచేవారు. నడుమ స్తంభం నిలిపి, దాని చుట్టూ మెట్లు తిప్పుకుంటూ పోయేవాడు. మెట్టు లోపలి కొస బెత్తెడు, బయటి కొస మూరెడు. ఎత్తు మాత్రం అన్నిటికీ ఒక్కటే. ఆరంగుళాల కర్రముక్క మొలకు దోపుకుని ప్రతి మెట్టూ దానితోనే కొలిచేవాడు. రెండు మెట్లెక్కితే మూడోదాని ఎత్తు కాలికే తెలుస్తుందని, ఇక కంటితో పని లేదని అతని నమ్మకం. ఆ నమ్మకం మీదే భార్య నర్సింహమ్మ పదహారేళ్లు నెత్తిన తట్టతో, కిందికి చూడకుండా, అతని మెట్లన్నీ ఎక్కి దిగింది.

అరవైతొమ్మిదిలో అశోక్‌నగర్‌లో కిషన్ రావు ఇల్లు కట్టించాడు. పైభాగం కిరాయికివ్వాలి, పక్కసందులో చోటు తక్కువ, గుండ్రటి మెట్లే పెట్టమన్నాడు. గృహప్రవేశం ఇంకో రెండు రోజులుందనగా ఆయన తల్లి మెట్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది. సరిసంఖ్య ఇంటికి మంచిది కాదంది. పగలగొట్టి మళ్లీ కడితే పదిరోజులు పడుతుందన్నాడు ఈరన్న.

"పదిరోజులు ఏడికెల్లి తేవాలె? పైన గడప ముంగట సగమెత్తుల ఒకటి పెట్టు," అన్నాడు కిషన్ రావు.

"కాలు పరేషాన్ అయితదయ్యా."

"ఒక్క మెట్టుతోని ఏమైతది?"

మర్నాడు పొద్దున్నే ఈరన్న మూడంగుళాల ఎత్తున బండ పరిచాడు. నర్సింహమ్మ అప్పటికే మిద్దె మీద చెత్త తట్టకెత్తుతోంది. కొత్త మెట్టుంది, చూసి దిగు, పైలమని చెబుదామనుకుంటూనే నీళ్లకు కిందికి దిగాడు. బకెట్ సగం నిండేసరికి తట్ట దొర్లిన చప్పుడు, దాని వెనకే మనిషి.

ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు. బస్సుల్లేవు, నారాయణగూడ దగ్గర దారి మూసేశారు. రిక్షాలో చుట్టు తిరిగి దవాఖానకు చేరేసరికి ఆమెకు తెలివి లేదు. మూడోనాడు పోయింది. గృహప్రవేశం అనుకున్న ముహూర్తానికే అయింది.

ఎనిమిది నెలలు ఈరన్న తాపీ పట్టలేదు. ఆ తర్వాత ఒక పొద్దున సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. పైసా వద్దు, ఆ ఒక్క మెట్టు పగలగొట్టనిమ్మని కిషన్ రావును అడిగాడు. ఆయన అతని మొహంలోకి చూడలేక, నీ ఇష్టమన్నాడు.

సందులోకి వచ్చేసరికి పైవాటాలో ఉంటున్న ఆదిలక్ష్మి దిగుతోంది. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా భార్య. చంకలో పసిపిల్ల, రెండో చేతిలో తడిబట్టలు. కళ్లు పిల్ల మీదే ఉన్నాయి. ఆ సగం మెట్టు మీద కాలు తేలిగ్గా ఆనించి, తర్వాతి మెట్టుకు నిండుగా దిగింది. ఎందుకొచ్చాడో ఈరన్న చెప్పాడు.

"మొదట్లో చూసుకుంటూ దిగేదాన్నండీ. ఇప్పుడు కాలికే తెలిసిపోతోంది," అందామె.

అతను సంచి విప్పలేదు. ఆమె బట్టలు ఆరేసి మళ్లీ మెట్లెక్కబోతుంటే, "జర పైలం, అమ్మా," అన్నాడు. ఆమె గడప దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.