పూరీ ఇవ్వని సర్వరు

చోడవరంలో నా మాటల్లో సగం తీసేసి మిగతా సగం నమ్ముతారు. ఆ సంగతి నాకూ తెలుసు కాబట్టి ఏది చెప్పినా రెట్టింపు చేసి చెబుతాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం అబద్ధం ఒక్కటే ఉంది. అది ఆడింది నేనే. అందుకు నాకు సిగ్గేమీ లేదు.

బస్టాండు దగ్గర నేను ఇరవై ఏళ్ళుగా టిఫిను చేసే హోటలు ఒకటుంది. అక్కడి పెద్ద సర్వరుని ఊరంతా మావా అంటుంది. ఆయన ఆర్డరు తీసుకోడు, ఇస్తాడు. నేను పూరీ అంటే నా మొహం వంక ఒక్క చూపు చూసి, "నిన్న షుగరు సూపించుకున్నావు కదా బాబూ, డాక్టరేటన్నాడు? ఇడ్లీ తెస్తన్నాను, మాటాడకుండా తిను" అంటాడు. పళ్ళు లేని ముసలమ్మ వస్తే ఇడ్లీని సాంబారులో నానబెట్టి, స్పూనుతో మెదిపి మరీ తెస్తాడు. ఆవిడ అడగక్కర్లేదు.

ఊరివాళ్ళ దగ్గర రూపాయి టిప్పు పుచ్చుకోడు. ఒకసారి పది రూపాయలు ప్లేటు కింద పెట్టి వెళితే అనకాపల్లి బస్సు దాకా వెంటపడి వచ్చి నా జేబులో కుక్కాడు. "మనూరోడివి, నాకు టిప్పేటి?" అని పదిమందిలో తిట్టాడు. అదే బెల్లం వండే రోజుల్లో బుచ్చయ్యపేట వైపు రైతులు పెనం మీంచి దించిన కొత్త బెల్లం కాగితంలో చుట్టి తెస్తే, కళ్ళకద్దుకుని తీసుకుంటాడు. మా వైపు సర్వరుకి చేసే మర్యాద అది.

నిరుడు యజమాని మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయి హోటలు అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు విశాఖపట్నంలో పెద్ద హోటల్లో పనిచేసి వచ్చాడు. హాలుకి ఏసీ వచ్చింది, సర్వర్లకి నల్ల చొక్కాలు వచ్చాయి, గల్లా పక్కన తాళం వేసిన టిప్పుల డబ్బా వచ్చింది. కస్టమరు అడిగిందే ఇవ్వాలి, అడగనిది మాట్లాడకూడదు అన్నది రూలు.

మావ ఆ రూలుని ఒక్క పూట కూడా మోయలేకపోయాడు. దగ్గుతూ వచ్చిన ఒకాయనకి పూరీ లేదు పొమ్మన్నాడు. ఆయన కూర్చున్నచోటే ఫోను తీసి హోటలుకి ఒక్క స్టారు ఇచ్చాడు. మర్నాటికి మావ వెనక సందులోని పార్సిలు కిటికీ దగ్గర ఉన్నాడు. అక్కడ కూడా నోరు ఆగకపోతే నెలాఖరుకి ఇంటికి పంపేస్తానని అల్లుడు చెప్పేశాడు.

నేను వెళ్ళేసరికి చట్నీ పొట్లాలు కడుతున్నాడు.

"రబ్బరు బేండ్లు సుడతన్నాను బాబూ. ఈ కన్నంలోంచి సేతులు తప్ప మనుసుల మొకాలు కానరావు. ఎవుడికేటి ఎట్టాలో నాకేటి తెలుస్తాది?"

ముందు హాల్లో ఒక రైతు బెల్లం ముద్దని టిప్పుల డబ్బా కన్నంలోకి తోస్తూ చెమటలు కక్కుతున్నాడు. అది చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

తిన్నగా కోర్టు ఎదురుగా ఉన్న టీ బడ్డీకి వెళ్ళాను. నలుగురు పోగయ్యేదాకా ఆగి మొదలుపెట్టాను. మా తోడల్లుడి పొలం తగువు తొమ్మిదేళ్ళు నడిచింది, ఓ పొద్దున మావ వాడికి పూరీ ఇవ్వకుండా తిట్టి ఇడ్లీ తినిపించాడు, ఆ పూటే కేసు గెలిచాడు అన్నాను. నాకు తోడల్లుడే లేడు.

ఊరు అలవాటు ప్రకారం సగం తీసేసింది. కేసు గెలవకపోయినా వాయిదా మాత్రం పడదని నమ్మింది.

సోమవారానికి పార్సిలు కిటికీ ముందు చంకల్లో ఫైళ్ళతో జనం.

"మావా, నన్నో రెండు తిట్టవా!"

"ఉత్తినే ఎలాగ తిడతాను? ముందు ఎనక్కి జరిగి నిలబడు, మనిసి కానరానీ. ఏటి తింటావో సెప్పు."

"పూరీ."

"తెల్లారకుండా నూనె తిండా? బొజ్జ సూసుకున్నావా? పూరీ లేదు, గీరీ లేదు. ఇడ్లీ అట్టుకెళ్ళు."

తిట్లు తిన్నవాడు గెలిచినంత మొహం పెట్టుకుని కోర్టు వైపు నడిచాడు. వెనక సందు కిటకిట, ముందు ఏసీ హాలు ఖాళీ. మూడు రోజులు చూసి అల్లుడు నన్ను పక్కకి పిలిచాడు.

"ఆ కేసు సంగతి నిజమేనా అండీ?"

"నిజమో కాదో కోర్టు చూసుకుంటుంది. నీ హాల్లో కుర్చీలు నిండాలా వద్దా?"

మర్నాడు మావ హాల్లోకి వచ్చేశాడు. నల్ల చొక్కా తొడుక్కోలేదు, భుజాన పాత తువ్వాలే. టిప్పుల డబ్బాకి తాళం తీసి అందులో సోంపు పోశారు.

నేను దర్జాగా నా పాత బల్ల దగ్గర కూర్చున్నాను. మావ వచ్చి నిలబడ్డాడు.

"ఒరే, నీకు తోడల్లుడెవుడ్రా? మీ అత్తోరికి ఒక్కర్తే కదా కూతురు!"

"నీ ఉద్యోగం నిలబెట్టాను కదా మావా. ఈ ఒక్క రోజు పూరీ పెట్టు."

నా మొహం వంక చూసి లోపలికి వెళ్ళాడు. రెండు ఇడ్లీలతో తిరిగొచ్చాడు. ప్లేటు నా ముందు పెట్టి, తువ్వాలు కొసన ఉన్న కాగితం పొట్లం విప్పాడు. కొత్త బెల్లం. చిన్న ముక్క విరిచి నా ముక్కు దగ్గరికి తెచ్చాడు.

"ఇది నీకు నా టిప్పు. వాసన సూడు."

చూశాను. కళ్ళు మూసుకుని, గుండెల నిండా చూశాను.

"సాలు" అని ఆ ముక్కని నోట్లో వేసుకుని, పక్క బల్ల ఆయన్ని తిట్టడానికి వెళ్ళిపోయాడు.