ట్రైలర్ లైట్లకు పసుపు

రేపు పొద్దున్నే క్యాంపింగ్‌కి బయల్దేరాలి. మా ఊరు మిల్టన్‌లో మంచు కరిగినప్పటి నుంచి మా ఆవిడ సుగుణ ఎదురుచూస్తున్న ట్రిప్ ఇది. సాయంత్రం, లోపలే వంటా పడకా ఉండే మా పాత మోటార్‌హోమ్ బండి వెనక చిన్న ట్రైలర్ తగిలించి, లైట్లు చూద్దామని నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. తను వెనక నిలబడింది.

"ఎడమ ఇండికేటర్ వేశా. వెలిగిందా?"

"రెండు వైపులా వెలుగుతున్నాయండీ. కానీ జ్వరమొచ్చినట్టు నీరసంగా."

ఇలాంటి లైట్లతో హైవే ఎక్కలేం. ఫ్యూజులు చూశాను, బల్బులు మార్చాను, కింద పడుకుని వైర్లన్నీ తడిమాను. సుగుణ మొహం చిన్నబోయింది. చివరికి ప్లగ్గు పీకి, బండి వెనకున్న సాకెట్‌లోకి టార్చి వేశాను. ఎర్త్ పిన్ను మీద, కరెంటుకి అడ్డంగా ఎండిపోయిన పసుపు! నిన్నటి బండి పూజ తాలూకు.

"టైర్లకి పెట్టావు, స్టీరింగ్‌కి పెట్టావు. ఇందులో కూడా ఎందుకే తల్లీ?"

"ట్రైలర్ ప్రాణమంతా ఇక్కడే ఉందని మీరేగా చెప్పారు!"

పాత టూత్‌బ్రష్‌తో తోమాను. మళ్ళీ ప్లగ్గు పెడితే లైట్లు ధగధగా వెలిగాయి. ఈలోగా సుగుణ లోపలికెళ్ళి పసుపు గిన్నెతో తిరిగొచ్చింది.

"అలా బోసిగా వదిలేస్తే ఎలాగండీ?"

ఈసారి మాత్రం సాకెట్ మూత చూపించి, దాని మీద పెట్టమన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఇంత శ్రద్ధగా వింటుందని నాకు ఇవాళే తెలిసింది. మీ మాట మీ ఇంట్లో ఎవరైనా వింటున్నారా? అనుమానముంటే ఓసారి సాకెట్లు చూసుకుని చెప్పండి.