సర్కారు నల్లా

నా చిన్నప్పుడు, బొల్లారం చుట్టూ ఫ్యాక్టరీలు లేచిన కొన్నేళ్ళకు, మా ఊరి బావుల్లో నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి. తాగితే నోరంతా చేదు. అప్పుడు సర్కారు ఊరికి ఒక నల్లా ఇచ్చింది. సర్పంచిగా ఉన్న మా తాతయ్య, చోటు విశాలంగా ఉందని దాన్ని గుడి ప్రహరీ లోపల పెట్టించాడు. అంతకు మించి ఆలోచించలేదు.

పక్కింటి అక్క వాళ్ళది మా ఊళ్ళోని రెండు మూడు ముస్లిం ఇళ్ళలో ఒకటి. అమ్మ పొద్దున్నే పొలానికి పోతే నాకు తల దువ్వి జడలు వేసేది ఆమే. నీళ్ళకూ ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం.

ఆ ఏడు జాతరకు ముందు గుడి పెద్దలు, జాతర అయ్యేదాకా నీళ్ళు మనవాళ్ళే పట్టుకోవాలని మాట్లాడుకోవడం విన్నాను. మర్నాడు అక్క చంకలో బిడ్డతో, చేతిలో బిందెతో వచ్చింది. వరుసలోని ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. నేను మాత్రం అన్నీ తెలిసినదానిలా చెప్పేశాను.

"ఇది గుడి నల్లా అక్కా. మీరు పట్టుకోవద్దంట."

అక్క నన్నే చూసింది. చంకలో బిడ్డను పైకి సర్దుకుని ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి తాతయ్యకు తెలిసింది. నన్ను కోప్పడలేదు. మా ఇంటి నీళ్ళ బిందె భుజానికెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి నడిచాడు. జాతర అయ్యేదాకా రోజూ తానే తెచ్చిస్తానన్నాడు. అక్క బిందె ముట్టుకోలేదు.

"నువ్వు తెచ్చిస్తే అది నీ మంచితనం తాతా. నల్లా సర్కారుది. నాకు లైన్ల నిలవడే జాగ ఇప్పియ్యి, సాలు."

 తాతయ్య నిండు బిందెను అలాగే మోసుకుంటూ వెనక్కి వచ్చాడు. దారిలో ఒక్కటే అన్నాడు.

"తప్పు నీ ఒక్కదానిది కాదు బిడ్డా. నల్లా ఆడ పెట్టిచ్చింది నేను."

గుడి పెద్దలతో మాటలు పడి, దాన్ని పంచాయతీ ఆఫీసు ముందు బాట మీదికి మార్పించాడు. ఆ కోపంతోనే ఊరు తర్వాతి ఎన్నికల్లో ఆయన్ను ఓడించింది. ఆయన దానికి బాధపడలేదు. నల్లా మారకముందే అక్క వాళ్ళు సామాను సర్దుకుని సంగారెడ్డి వైపు వెళ్ళిపోయినందుకే బాధపడ్డాడు. వాళ్ళు వెళ్ళేరోజు నేను తలుపు చాటునే నిలబడిపోయాను. పెద్దయ్యాక ఎంతో వెతికాను. ఆమె ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు.

మొన్న మా మనవరాలు బడి పుస్తకం తెచ్చి, లౌకిక రాజ్యమంటే ఏమిటని అడిగింది. ఈ సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "అంత మంచి అక్కతోని ఆ మాట ఎవరన్నరు నానమ్మా?" అంది.

ఎవరో అన్నారన్నాను.